మట్టగిడసల కొలతలు రెండు గుంపులుగా విడిపోతున్నాయి, రెండు జాతులేనా?

చెరువుగట్టు: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మా ఊరి వాగులో 46 చేపలు పట్టాం. అన్నీ మట్టగిడసలే, అంటే చానా పంక్టాటా, అనుకున్నాను. ఒక్కోదానికి 12 కొలతలు తీసి పీసీఏ (చాలా కొలతల్ని రెండు మూడు అక్షాలకి కుదించి చూపే గణాంక పద్ధతి) వేస్తే రెండు గుంపులు వచ్చాయి. రంగు చూద్దామంటే ఫార్మలిన్‌లో వెలిసిపోయింది. సోమవారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

వలరాజు: తమ్ముడూ, ఒక గుంపులో చిన్నవి, ఇంకో గుంపులో పెద్దవి లేవు కదా? పీసీఏలో మొదటి అక్షం చాలాసార్లు సైజునే చూపిస్తుంది. పిల్ల చేపకి ఒంటితో పోలిస్తే తల, కన్ను పెద్దవి. పెరిగేకొద్దీ ఆ నిష్పత్తి మారిపోతుంది. నేనూ ఇలాగే ఒకే జాతిని రెండు చేసి నవ్వులపాలయ్యాను. కొలతలన్నిటికీ లాగ్ తీసి, స్టాండర్డ్ లెంగ్త్‌తో రిగ్రెషన్ వేసి (అంటే పొడవుతో పాటు ఒక్కో కొలత ఎలా మారుతుందో చూపే గీత గీసి), ఆ గీత వాలుతో సైజు ప్రభావం తీసేసి మళ్లీ చూడు.

కొల్లేటి కొంగ: స్టాండర్డ్ లెంగ్త్ అంటే ముట్టె కొస నుంచి తోక రెక్క మొదలు దాకా. తోక చివరిదాకా కొలిచారేమో చూసుకోండి. చిరిగిన తోకలు చాలా ఉంటాయి. ఒంటి ఎత్తుని మరీ నమ్మకండి, గుడ్లతో ఉన్న ఆడచేప పొట్టే వేరు. ఇద్దరు కొలిచారా? మా ల్యాబులో అదే చేపని ఇద్దరం కొలిస్తే కంటి వ్యాసం దగ్గరే ఎక్కువ తేడా వచ్చేది.

ఖమ్మం చేపలవాడు: మీ లెక్కలు నాకు తెలియవు గానీ, కొర్రమీను పిల్లలు కలిశాయేమో చూడండి. చిన్నప్పుడు ఎర్రగా ఉంటాయి.

వలరాజు: అన్న మాట నిజమే. రంగు పోయినా పొలుసులు పోవుగా. పార్శ్వరేఖ (ఒంటి పక్కన పొడవునా ఉండే గీత) మీద పొలుసులు కొర్రమీనుకి 50 పైన, మట్టగిడసకి 40 లోపు. వీటి దగ్గరి చుట్టమే అయిన ఇంకో జాతి, చానా గచువాకి మాత్రం 39 నుంచి మొదలవుతాయి కాబట్టి అక్కడ లెక్క ఒక్కటే చాలదు. దానికి పొట్ట కింది పెల్విక్ రెక్క, మొప్పల వెనక పెక్టోరల్ రెక్కలో సగం కూడా ఉండదు. మట్టగిడసకి ముప్పాతిక దాకా ఉంటుంది.

చెరువుగట్టు: అన్నా, సైజు తీసేస్తే రెండు గుంపులూ కలిసిపోయాయి! కానీ ఐదు చేపలు మాత్రం పక్కకి జరిగాయి. ఐదింటికీ పెల్విక్ రెక్క సగం కన్నా తక్కువే. రెండు గుంపుల్లోనూ చెరికొన్ని దాక్కున్నాయి.

కొల్లేటి కొంగ: గచువాలే అయ్యుండొచ్చు. ఈసారి పట్టగానే ఫొటో తీసి, రెక్క ముక్క ఆల్కహాల్‌లో వేయండి. ఫార్మలిన్‌లో ఉన్నవాటి నుంచి డీఎన్ఏ తీయడం నరకం.