లండన్‌లో క్రియేటివ్ బిజినెస్ ఎంఏ: చదువుతూ మన స్టూడియో పని చేసుకోవచ్చా?

నీలిమందు:
విజయవాడలో చిన్న స్టూడియో, ఇద్దరు పార్ట్‌నర్లం. ప్యాకేజింగ్, బట్టల ప్రింట్లు చేస్తాం. గీత వచ్చు కానీ రేటు కట్టడం, కాంట్రాక్టు, లైసెన్సింగ్ దగ్గర తడబాటే. గోల్డ్‌స్మిత్స్‌లో క్రియేటివ్ అండ్ కల్చరల్ ఆంట్రప్రెన్యూర్‌షిప్ ఎంఏ చూస్తున్నాను. అక్కడ ఉంటూ ఇక్కడి క్లయింట్ల పని లాప్‌టాప్‌లో చేయొచ్చా? బ్యాంకులో ఎంత చూపాలి? అక్కడ చెప్పేది మన దగ్గర చెల్లుతుందా? ఫీజు లేదంటున్నారు కదా, జర్మనీ మేలా?

రశీదుపుస్తకం:
మొదటిదానికి జవాబు: కుదరదు. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషేధం. క్లయింటు గుంటూరులో ఉన్నా, డబ్బు ఇక్కడి ఖాతాలో పడినా, మీరు లండన్‌లో కూర్చుని చేస్తే అది ఫ్రీలాన్సే. ఆన్‌లైన్‌లో ప్రింట్లు అమ్మడమూ అంతే. మీకు 10 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వాటా ఉన్న కంపెనీలో ఉద్యోగం చేసినా స్వయం ఉపాధి కిందే చూస్తారు. వాటా ఉండటం వేరు, పని చేయడం వేరు. అందుకే వెళ్ళే ముందే ఇన్‌వాయిస్‌లు, క్లయింట్ మెయిళ్ళు, సంతకాలు పార్ట్‌నర్‌కి అప్పగించండి. మీ పరిస్థితి రాసి, యూనివర్సిటీ వీసా సలహా విభాగం నుంచి జవాబు మెయిల్లోనే తీసుకోండి.

జీతానికి పని చేయొచ్చు, టర్మ్‌లో వారానికి 20 గంటలు. వారమంటే సోమవారం నుంచి ఆదివారం దాకా. చాలామంది బోల్తా పడేది వేసవిలో: ఎంఏ వాళ్ళకి డిసర్టేషన్ రాసే ఆ నెలలు సెలవులు కావు, టర్మే. అప్పుడూ 20 గంటలే.

డబ్బు సంగతి. లండన్‌కి నెలకు 1,529 పౌండ్లు, 9 నెలలకు 13,761. దానికి ఇంకా కట్టని ఫీజు కలపాలి. ఈ మొత్తం వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఒక్క రోజు తగ్గినా వీసా రాదు. ఆ 28వ రోజు అప్లికేషన్ తేదీకి 31 రోజుల లోపలే ఉండాలి. ఖాతా మీ పేరునో, తల్లిదండ్రుల పేరునో ఉండాలి (వాళ్ళదైతే జనన ధ్రువపత్రం, సమ్మతి లేఖ). స్టూడియో పేరున్న ఖాతాని నమ్ముకోకండి. షేర్లు పనికిరావు. ఆరోగ్య సర్‌ఛార్జి (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసా అప్లికేషన్‌తో పాటే కట్టేది) ఏడాదికి 776 పౌండ్లు. 12 నెలల కోర్సుకి వీసా దాదాపు 16 నెలలకు ఇస్తారు కాబట్టి 1,164 అవుతుంది. టీబీ పరీక్ష వాళ్ళు గుర్తించిన క్లినిక్‌లోనే చేయించాలి.

సొంతంగా బిల్లు వేయాలంటే చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా. దాని మీద స్వయం ఉపాధికి అడ్డు లేదు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసే మాస్టర్స్ వాళ్ళకి 18 నెలలే. కోర్సు పూర్తయిందని యూనివర్సిటీ హోం ఆఫీస్‌కి (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) తెలిపాక, బ్రిటన్‌లో ఉండగానే అప్లై చేయాలి. ముందే ఇంటికొచ్చేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

గళ్ళచీర:
రేటు కట్టడం కోసమే అయితే లండన్ దాకా అక్కర్లేదు, లెక్క ఇక్కడే చూసుకోండి. 365 రోజుల్లో శని, ఆదివారాలు 104 పోతే 261. పండగలు, సెలవులు 30, జ్వరాలకి 11 తీస్తే 220. అందులో బిల్లు వేయగలిగేది 60 శాతం, అంటే 132 రోజులు. తక్కినది కొటేషన్లకీ, ఫోన్లకీ, బాకీ వసూళ్ళకీ పోతుంది. మీ జీతం ఏడాదికి 9,60,000, అద్దె, సాఫ్ట్‌వేర్, ఆడిటర్ కలిపి 3,60,000 అనుకుంటే, 13,20,000ని 132తో భాగిస్తే రోజుకి 10,000. ఇది అసలు. దీని మీద 15 శాతం లాభం వేస్తే 11,500. జీఎస్టీ దానికి వేరే. 261తో భాగించేవాళ్ళే డిసెంబరుకల్లా అప్పు చేస్తారు.

ఇక చెల్లుతుందా అన్నది. ఫైనాన్స్, ప్రతిపాదన రాయడం, బేరం ఎక్కడైనా ఒకటే. చట్టం మాత్రం అలా కాదు, మీలాంటి ప్రింట్ల వాళ్ళకి మరీను. అక్కడ ఫ్రీలాన్సర్ చేసిన పని మీద కాపీరైట్, రాసివ్వనంత వరకూ ఫ్రీలాన్సర్‌దే. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్, తీయించుకున్న ఫొటో లాంటివాటికి వేరే ఒప్పందం లేకపోతే హక్కు వేయించుకున్నవాళ్ళది. రాసిచ్చేటప్పుడు గడువు రాయకపోతే 5 ఏళ్ళు, ప్రాంతం రాయకపోతే ఇండియా మొత్తం అని 19వ సెక్షన్ అంటుంది.

అసలు దెబ్బ 15వ సెక్షన్‌లో ఉంది. డిజైన్‌గా రిజిస్టర్ చేయదగ్గ ప్రింటుని రిజిస్టర్ చేయకుండా యంత్రాల మీద 50కి మించి కాపీలు తీస్తే, దాని కాపీరైట్ పోతుంది. చీరల ప్రింటుకి 50 ఏపాటి? పోనీ తర్వాత రిజిస్టర్ చేద్దామంటే, ఇన్‌స్టాలో పెట్టేసిన ప్రింటు కొత్తది కాదంటారు. బ్రిటన్‌లో చూపించాక కూడా 12 నెలల గడువుంది, మన దగ్గర అది లేదు. అక్కడి అలవాటు మన దగ్గర ముంచేది ఈ విషయంలోనే.

ఇంకోటి: డిజైన్ పూర్తిగా సొంతమని హామీ అడిగే కాంట్రాక్టులుంటాయి. కలంకారీ పాత మోటిఫ్‌లని ఎక్స్‌క్లూజివ్‌గా అమ్మితే ఆ హామీ మీ మెడకే. స్క్రీన్ ప్రింటుకి ‘శ్రీకాళహస్తి కలంకారీ’ అని పేరు పెట్టకండి, ఆ పేరు జీఐ (ఒక ప్రాంతపు వస్తువు పేరుకి చట్టం ఇచ్చే రక్షణ) కింద కలంతో వేసే పనిది.

రశీదుపుస్తకం:
జర్మనీ: ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావాటిలో ఫీజు లేదు, బాడెన్-వ్యూర్టెంబెర్గ్‌లో మనవాళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకి ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు, ముందుగా ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు సరైనవేనని ధ్రువీకరించేది). ఉద్యోగానికి ఏడాదికి 140 పూర్తి రోజులు. స్వయం ఉపాధికి విదేశీయుల కార్యాలయం అనుమతి కావాలి. ఇస్తారో లేదో అడిగితేనే తెలుస్తుంది, కానీ అడగడానికి దారైతే ఉంది. భాష రాకపోతే అక్కడి క్లయింట్లు దొరకడం కష్టం.

నీలిమందు:
50 కాపీల సంగతి అస్సలు తెలియదండీ. ప్రతి ప్రింటుకీ విడిగా దరఖాస్తు వేయాలా?

గళ్ళచీర:
అవునండీ, దేనికది. వ్యక్తులకి, చిన్న సంస్థలకి ఒక్కో దరఖాస్తుకి 1,000 రూపాయలు. అన్నిటికీ వేయక్కర్లేదు. సీజన్ కలెక్షన్‌లో బాగా ఆడతాయనుకున్న ఐదారు ఎంచి వేయండి. ఆ ఎంపిక మాత్రం క్లయింటుకి పీడీఎఫ్ పంపకముందే అయిపోవాలి.