నికాన్ డి3500 మేలా, కెనాన్ 1500డి మేలా? వాడినవారి సలహా కావాలి

తొలిచూపు:
సభ్యులందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఫోనుతోనే ఫొటోలు తీస్తూ వచ్చిన నేను, ఇప్పుడు నికాన్ డి3500, కెనాన్ 1500డి కెమెరాలలో ఒకదానిని కొనాలనుకుంటున్నాను. రెండూ 2018లో వచ్చినవే, రెండింటిలోనూ 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సి (పాత ఫిల్ము ఫ్రేము కన్నా చిన్న సైజు) సెన్సరే, రెండింటితోనూ కలిపి ఇచ్చేది 18-55 ఎంఎం కిట్ లెన్సే. నేను తీసేది ఎక్కువగా ఇంట్లో పిల్లలను, అప్పుడప్పుడు పక్షులను. దేనివైపు మొగ్గాలో తేలడం లేదు.

వెలుగునీడ:
నేను డి3500ను నాలుగేళ్లుగా వాడుతున్నాను, మిత్రుని 1500డితోనూ చాలా ఫొటోలు తీశాను. రాత్రి ట్యూబ్‌లైటు వెలుగులో ఆడుకునే పిల్లలను తీయాలంటే షట్టర్ వేగం 1/125 సెకను కన్నా తగ్గకూడదు; కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువగా లోపలికి వస్తుంది) కనుక ఐఎస్‌ఓను, అంటే వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని, 3200కో 6400కో పెంచక తప్పదు. అక్కడ 1500డి ఫొటోలో నల్లని జుట్టు మీద రంగు రంగుల చుక్కలు ముందుగా కనిపిస్తాయి. వరుసగా తీసేటప్పుడు కూడా నికాన్ సెకనుకు 5 ఫొటోలు తీస్తే కెనాన్ 3 తీస్తుంది. ఒక్క ఛార్జింగుతో నికాన్ 1550 ఫొటోలు, కెనాన్ 500 తీస్తాయని తయారీదారుల లెక్క. ఫోనుకు ఫొటోలు పంపుకోవడం మాత్రం వైఫై ఉన్న కెనాన్‌లోనే హాయి; డి3500లో బ్లూటూత్ ఒక్కటే ఉంది.

పాతలెన్సు:
పై మాటలతో ఏకీభవిస్తాను గానీ, అసలు చిక్కు బాడీలో లేదు, తరువాత కొనబోయే లెన్సులలో ఉంది. డి3500 బాడీలో ఫోకస్ మోటారు ఉండదు, ఆటోఫోకస్ కావాలంటే అది లెన్సులోనే ఉండాలి. ఆ సంగతి చదివి కూడా పట్టించుకోక, చవకగా దొరికిందని సొంత మోటారు లేని 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్సు పాతది తెచ్చుకున్నాను. తప్పు పూర్తిగా నాదే. రింగు చేత్తో తిప్పుతూ తీసిన ఫొటోలు వ్యూఫైండర్‌లో బాగానే తోచేవి, కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే పాప కళ్లకు బదులు చెవులు స్పష్టంగా ఉండేవి. నికాన్ తీసుకుంటే లెన్సు పేరులో ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి అని ఉందో లేదో చూసి మరీ కొనండి. కెనాన్‌కు ఈ బెడద లేదు. 1987లో ఈఎఫ్ మౌంటు (లెన్సును బాడీకి బిగించే అమరిక) మొదలైనప్పటి నుంచి ఆ సంస్థ ఆటోఫోకస్ మోటారును లెన్సులోనే పెడుతోంది.

గూటిపిట్ట:
పక్షుల విషయం నేను చెబుతాను. కెనాన్‌కు 55-250 ఎస్‌టీఎం, నికాన్‌కు ఏఎఫ్-పి 70-300 సరిపోతాయి. సెన్సర్ చిన్నది కనుక దృశ్యం ఇంకా దగ్గరగా కనిపించే క్రాప్ లెక్కన మొదటిది 400, రెండవది 450 ఎంఎంకు సమానం. ఆ తేడా కోసం తల బద్దలు కొట్టుకోనక్కరలేదు. అయితే ఆ 70-300 రెండు రకాలుగా వచ్చింది, పేరు చివర వీఆర్ లేనిదానిలో చేతి వణుకును సర్దే ఏర్పాటు ఉండదు. డి3500 తయారీ ఆగిపోయింది కనుక వాడినదే దొరికితే, దానితో అప్పటికప్పుడు ఒక జేపెగ్ తీయించి తెచ్చుకోండి. షట్టర్ ఎన్నిసార్లు పడిందో ఆ ఫైలులోనే నమోదై ఉంటుంది. 1500డి ఫైలులో ఆ అంకె ఉండదు.

తొలిచూపు:
అందరికీ కృతజ్ఞతలు. పిల్లల ఫొటోలే ముఖ్యం కనుక డి3500 వైపే మొగ్గుతున్నాను. కిట్ లెన్సుతో పాటు 35 ఎంఎం ఎఫ్/1.8 కూడా తీసుకోవచ్చునా?

పాతలెన్సు:
తప్పక తీసుకోండి. ఎఫ్/5.6 దగ్గర ఐఎస్‌ఓ 6400 అడిగే వెలుగులో అది ఎఫ్/1.8 దగ్గర ఇంచుమించు 640తో పని కానిస్తుంది. పేరులో ఏఎఫ్-ఎస్ డీఎక్స్ (ఏపీఎస్-సి సైజుకు నికాన్ పెట్టుకున్న పేరు డీఎక్స్) అని ఉన్నదే అడగండి.