మే 30 వేడుకకు ఉప్పుచేప అక్రాలు: ఇళ్లలో చేసుకురావలసిన పని

సభ్యులందరికీ నమస్కారం. 1845లో ఫతేల్ రజాక్ ఓడ తొలి భారతీయ కూలీలతో ట్రినిడాడ్ చేరిన మే 30వ తేదీన మన సంఘం పెట్టే వంటల పందిట్లో ఈ దీవి వంటకం కూడా ఒకటి ఉండాలని అందరమూ ఒప్పుకున్నాం కాబట్టి, అక్రాలు చేస్తామని ముందుకు వచ్చిన ఆరు ఇళ్లవారి కోసం ఈ వివరాలు రాస్తున్నాను.

అక్రా మన పునుగుకు దగ్గరి చుట్టం. పశ్చిమ ఆఫ్రికాలో బొబ్బర్లు రుబ్బి నూనెలో వేయించే అకరా నుంచి దీనికి ఆ పేరు వచ్చింది. బానిసత్వపు రోజుల్లో చెరకు తోటల కూలిజనం తిండికి కెనడా తీరం నుంచి తెప్పించిన ఉప్పు కాడ్ చేప ఇక్కడి వంటిళ్లలో స్థిరపడింది. బొబ్బర్ల పిండి స్థానంలో మైదా వచ్చింది.

ఈ వంట చెడితే ఉప్పు దగ్గరే చెడుతుంది. చేపను ముందురోజు సాయంత్రమే కడిగి, నిండా చన్నీళ్లు పోసి, ఫ్రిజ్‌లో రాత్రంతా నానబెట్టి, మధ్యలో కనీసం రెండుసార్లు నీళ్లు మార్చండి. ఒకసారి మా ఇంట్లో నీళ్లు మార్చకుండా తెల్లవార్లూ అలాగే వదిలేశాను. ఆ వాయి ఎవరూ నోట పెట్టలేకపోయారు. ఉదయం కొత్త నీళ్లలో పావుగంట ఉడికించి, చిన్న ముక్క తుంచి రుచి చూడండి. ఇంకా కటిక ఉప్పుగా ఉంటే ఆ నీళ్లు పారబోసి మళ్లీ ఉడికించాలి. అలాగని పూర్తిగా చప్పబడనివ్వకండి, ఎందుకంటే పిండిలో మనం వేరే ఉప్పు వేయబోవడం లేదు. చల్లారాక తోలు తీసి, వేళ్లతో తడుముతూ ప్రతి ముల్లూ ఏరి, చేపను సన్నటి పీచుగా విడదీయాలి. పిల్లలు తినేది గనుక ఈ ఏరే పని ఇంట్లో ఇద్దరు చేస్తే మంచిది.

పావుకిలో చేపకు పావుకిలో మైదా, రెండు టీ చెంచాల బేకింగ్ పౌడర్, ఒక ఉల్లిపాయ, రెండు మూడు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు షాడో బెనీ ఆకు సరిపోతాయి. ఈ ఆకును ఇక్కడి భారతీయ కుటుంబాలు బంధనియా అంటాయి. వాసన కొత్తిమీరలాగే ఉన్నా ఘాటు చాలా ఎక్కువ. ఇక్కడి మిరపకాయను మన పచ్చిమిరపకాయ లెక్కన వేయవద్దని మనవి. గింజలు తీసి, ఒక్క కాయలో సగం వేస్తే చాలు.

ఒక సభ్యుని ప్రశ్న: అక్కయ్యగారూ, పిండి కూడా ఇంట్లోనే కలిపి తెచ్చేస్తే పందిట్లో పని తగ్గుతుంది కదా?

సమాధానం: తగ్గుతుంది తమ్ముడూ, కానీ తడి తగిలిన బేకింగ్ పౌడర్ ముందే పొంగి చల్లారిపోతే అక్రాలు గట్టిపడతాయి. అందుకని పొడిపిండి ఒక డబ్బాలో, చేప, ఉల్లి, ఆకు కలిపిన ముద్ద ఐసు పెట్టెలో విడివిడిగా తీసుకురండి. వేయించే ముందు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, చెంచా నుంచి ముద్దగా జారేటంత చిక్కగా కలుపుదాం. నూనె 175 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటే మూడు నాలుగు నిమిషాల్లో ఎర్రగా వేగుతాయి.

శాకాహారుల గారెలకు బాణలి, నూనె, చిల్లుల గరిటె పూర్తిగా వేరు. ఆ పొయ్యిని పందిరి అవతలి కొసన పెట్టిస్తున్నాను. అక్రాల పళ్లెం ముందు చేప, గోధుమ ఉన్నాయని పెద్ద అక్షరాలతో రాసి పెట్టే బాధ్యత ఇంకా ఎవరూ తీసుకోలేదు. శుక్రవారంలోగా ఒకరు చెప్పగలరు.