నేజా తండ్రిని మంచివాడిని చేయడం కథకు న్యాయమేనా?

కొండపల్లి బొమ్మ:

చైనా యానిమేషన్ సినిమాలు 'నేజా' అంటే ఇక్కడ అందరూ గ్రాఫిక్స్ గురించీ కలెక్షన్ల గురించే మాట్లాడుతున్నారు. 2025 జనవరిలో వచ్చిన రెండో భాగం 1500 కోట్ల యువాన్లు దాటింది, ఏ దేశపు యానిమేషన్ సినిమాకూ అంత రాలేదు, నిజమే. నాకు వేరే విషయం మీద చర్చ కావాలి. ఈ సినిమాలు నేజా తండ్రి లీ జింగ్‌ను పూర్తిగా మార్చేశాయి. అది నాకు మింగుడుపడటం లేదు.

పాత కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. మింగ్ రాజుల కాలంలో, 16వ శతాబ్దంలో వచ్చిన 'ఫెంగ్‌షెన్ యెన్‌యీ' అనే పెద్ద గ్రంథంలో ఈ కథ ఉంది. చెన్‌తాంగ్ కోట సేనాపతి లీ జింగ్. అతని భార్య మూడున్నరేళ్లు మోసి ఒక మాంసపు ముద్దను కంటుంది. తండ్రి దాన్ని కత్తితో కొడితే అందులోంచి పిల్లాడు బయటికొస్తాడు. తండ్రీకొడుకుల మొదటి పరిచయమే కత్తితో! ఏడేళ్లకు ఆ పిల్లాడు ఏట్లో స్నానం చేస్తూ గొడవపడి డ్రాగన్ రాజు మూడో కొడుకు ఆవ్ బింగ్‌ను చంపేస్తాడు. ఆ డ్రాగన్ నరం లాగి, నాన్న కవచానికి పట్టీ చేస్తానని ఇంటికి పట్టుకెళ్తాడు. అంటే అప్పటికి వాడికి నాన్నంటే అంత ఇష్టం.

తర్వాత నలుగురు డ్రాగన్ రాజులు వచ్చి తల్లిదండ్రులను పట్టుకుంటారు. చేసింది నేనైతే శిక్ష వాళ్లకెందుకని నేజా తన ఒంటిని తానే కోసుకుని, కన్నవాళ్లిచ్చిన ఎముకలూ మాంసమూ వాళ్లకే తిరిగి ఇచ్చేస్తాడు. తల్లి రహస్యంగా గుడి కట్టిస్తే లీ జింగ్ వచ్చి విగ్రహాన్ని కొరడాతో కొట్టి, గుడిని తగలబెట్టిస్తాడు. గురువు తాయీ తామరలతో కొత్త శరీరం చేసిచ్చాక నేజా నేరుగా వెళ్లేది తండ్రిని చంపడానికే. అడ్డొచ్చిన అన్నతో, 'నా ఎముకలు ఆయనకిచ్చేశాను, ఇంక ఆయన నాకేమవుతాడు' అనే అర్థంలో వాదిస్తాడు.

2019లో వచ్చిన మొదటి భాగంలో లీ జింగ్ కొడుకు కోసం చావడానికి సిద్ధపడే తండ్రి. విధి ప్రకారం కొడుకు మీద పడి చంపాల్సిన పిడుగును తన మీదకు మళ్లించే మంత్రపు చీటీ తెచ్చుకుంటాడు. ఏడుపొస్తుంది, కాదనను. కానీ పిల్లాడి ఒళ్లు ఎవరిది, కన్నంత మాత్రాన తండ్రికి దాని మీద హక్కు ఉందా అనే ప్రశ్న మొత్తం మాయమైంది. ఇంట్లో ఎదిరించాల్సిన మనిషే లేకపోతే నేజా తిరుగుబాటు ఎవరి మీద? పిడుగు మీద. పిడుగు మీద తిరగబడితే ఏ తండ్రికీ అభ్యంతరం ఉండదు.

ఇద్దరు పిల్లల నాన్న:

కొండపల్లి గారూ, పాత కథ బాగా చెప్పారు. మీ తీర్పుతో మాత్రం ఏకీభవించలేను.

మొదటి సినిమాలో నేజాకు మూడేళ్ల పుట్టినరోజు పండగ చేయాలనుకుంటారు. ఊళ్లో అందరికీ ఆ పిల్లాడంటే భయం, అసహ్యం. ఎవరూ రారు. కోటకు సేనాపతి అయిన మనిషి ఇంటింటికీ తిరిగి, తన బిడ్డ పండగకు రమ్మని బతిమాలుకుంటాడు. కత్తి పట్టుకున్న తండ్రి కంటే ఆ తండ్రి తేలికైన పాత్ర అని మీరెలా అంటారు? నా పెద్దోడికి బడిలో పిల్లలతో కొంచెం ఇబ్బంది ఉండేది. ఆ సీన్ దగ్గర నాకు గొంతు పట్టేసింది.

పైగా ఆ తండ్రి మచ్చలేనివాడేమీ కాదు. కొడుకుకు అబద్ధం చెప్తాడు. నీలో ఉన్నది దివ్యమణి అని నమ్మిస్తాడు, ఉన్నది రాక్షస గుళిక అయితే. ఆ అబద్ధం బయటపడినప్పుడే పిల్లాడు విరిగిపోతాడు. ప్రేమతో చెప్పిన అబద్ధం వల్ల బిడ్డకు జరిగే హాని చిన్న విషయమా?

ఇంకొకటి. నాన్న తన కోసం తెచ్చిన చీటీ సంగతి తెలిశాక నేజా ఏం చేస్తాడు? దాన్ని తీసేసి వెనక్కి ఇచ్చేస్తాడు. నా కోసం నువ్వు చావొద్దు అంటాడు. పాత కథలో ఎముకలు తిరిగి ఇచ్చాడు, ఇక్కడ చీటీ తిరిగి ఇచ్చాడు. నాన్న ఇచ్చింది తీసుకోను, నా బతుకు నాది అనడం రెండింట్లోనూ ఉంది. ఆ ప్రశ్న ఎక్కడికీ పోలేదు.

పాత కథల పెట్టె:

ఇద్దరూ ఆ గ్రంథాన్నే అసలు కథ అనుకుని మాట్లాడుతున్నారు. అది కూడా మారుస్తూ వచ్చిన కథే. మన వాళ్లకు ఇందులో ఆసక్తి కలిగించేది ఒకటుంది. నేజా మూలం మన నలకూబరుడు, కుబేరుడి కొడుకు. మద్దిచెట్టుగా నిలబడి చిన్నికృష్ణుడి రోలు తగిలి శాపం తీరినవాడు, భాగవతంలో చదివే ఉంటారు. బౌద్ధ గ్రంథాలతో పాటు చైనా చేరాడు. వాళ్ల నాన్న కుబేరుడు అక్కడ ఉత్తర దిక్కు కాచే వైశ్రవణుడయ్యాడు, చేతిలో చిన్న పగోడాతో, అంటే అంతస్తుల గోపురంతో. ఆ వైశ్రవణుణ్ణి చైనావాళ్లు తాంగ్ రాజుల కాలపు నిజమైన సేనాని లీ జింగ్‌తో కలిపేశారు. అలా కుబేరుడు లీ జింగ్ అయ్యాడు, నలకూబరుడు నేజా అయ్యాడు. మేయర్ షహర్ అనే పండితుడు దీని మీద 2015లో ఒక పుస్తకమే రాశారు. మన నలకూబరుడు కుబేరుడి మీద ఎప్పుడూ కత్తి ఎత్తలేదు. ఆ పగ చైనాలో పుట్టింది.

సినిమాల్లో మార్పు కూడా 2019లో మొదలవ్వలేదు. షాంఘై యానిమేషన్ స్టూడియో 1979లో తీసిన నేజా సినిమా చాలామంది చైనీయుల మనసులో ఉన్న నేజా. అందులో లీ జింగ్ పిరికివాడు. డ్రాగన్ రాజులు ఊరిని ముంచేస్తామని బెదిరిస్తే కొడుకు మీద కత్తి ఎత్తుతాడు, చేతులు రావు. వానలో ఆ కత్తి నేజాయే తీసుకుని, మీ ఎముకలూ మాంసమూ మీకే ఇచ్చేస్తున్నాను నాన్నా అని గొంతు కోసుకుంటాడు. కానీ మళ్లీ పుట్టాక తండ్రి జోలికే పోడు, నేరుగా డ్రాగన్ల మీదకు వెళ్తాడు. గుడి తగలబెట్టడం లేదు, తండ్రిని తరమడం లేదు. పగ సగం అప్పుడే తీసేశారు.

కొండపల్లి బొమ్మ:

1979 సినిమా నేను చూశాను. తీసేయడం వేరు, తిరగేయడం వేరు అండీ. పగ తీసేసినా ఆ తండ్రి చేతిలో కత్తి ఉంచారు. అధికారానికి భయపడి కన్నకొడుకును ఇచ్చేయడానికి సిద్ధపడిన మనిషిని మన కళ్ల ముందే నిలబెట్టారు. సాంస్కృతిక విప్లవం ముగిసి మూడేళ్లే అయింది అప్పటికి. ఆ పదేళ్లలో ఇళ్లలోనే ఒకళ్లనొకళ్లు పట్టించిన దేశం అది. హాల్లో కూర్చున్నవాళ్లకు ఆ కత్తి దేనికి గుర్తో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక పిల్లల సినిమా అంత పని చేసింది.

చైనాలో ఆరేళ్లు:

నేను అక్కడ ఎంబీబీఎస్ చదివాను. నాతో చదివిన చైనా స్నేహితులకు 1979 సినిమా కంటే 2003లో అక్కడి ప్రభుత్వ టీవీ ఛానెల్ సీసీటీవీలో వచ్చిన 52 ఎపిసోడ్ల కార్టూన్ సీరియల్ ఎక్కువ దగ్గర. టైటిల్ పాట మొదలెడితే హాస్టల్ కారిడార్ మొత్తం అందుకునేది. అందులో నేజాకు ఒక డ్రాగన్ పిల్ల, ఒక పంది-ఎలుగు నేస్తాలు. గొడవంతా షీజీ అనే మంత్రగత్తెతోనూ దుర్మార్గుడైన జోవ్ రాజుతోనూ. నాన్న సంగతి అంత ముఖ్యం కాదు. కాబట్టి అక్కడివాళ్లకు ఒక్కో తరానికి ఒక్కో నేజా ఉన్నాడు.

లీ జింగ్ మార్పు గురించి ఒక స్నేహితురాలు చెప్పింది నాకు గుర్తుండిపోయింది. వాళ్లందరూ ఇంటికి ఒక్క సంతానం. అమ్మానాన్నా, ఇద్దరు తాతలూ, ఇద్దరు అమ్మమ్మా నానమ్మలూ, ఆరుగురి ఆశలు ఒక్క పిల్ల మీద. 'మా ఇంట్లో ఎవరూ కత్తి ఎత్తలేదు. నా కోసమే బతికామన్నారు. దానికి ఎదురు ఎలా చెప్పాలి?' అంది. ఆమెకు చీటీ తెచ్చుకున్న లీ జింగే భయపెట్టే తండ్రి.

దర్శకుడు జియావ్‌జీ సొంత కథ కూడా ఇక్కడ చెప్పాలి. మందుల చదువు చదివి, ఉద్యోగం మానేసి, మూడున్నరేళ్లు ఇంట్లో కూర్చుని ఒక చిన్న యానిమేషన్ సినిమా తీశాడు. ఆ మధ్యలోనే తండ్రి పోయాడు. తల్లికి నెలకు వెయ్యి యువాన్ల పెన్షన్, దాని మీదే ఇద్దరూ బతికారు. అలాంటి మనిషి తల్లిదండ్రులను దుర్మార్గులుగా ఎలా తీస్తాడు?

డల్లాస్ కోడలు:

ఇంతసేపు తండ్రి, కొడుకు అంటున్నారు. తల్లి మాట ఎవరైనా ఎత్తుతారేమోనని చూశాను.

పాత గ్రంథంలో గుడి కట్టించింది యిన్ అమ్మ. మొగుడికి తెలియకుండా, కలలో కొడుకు అడిగితే చేసింది. లీ జింగ్ ఇంటికొచ్చి ఆమెను నానా మాటలూ అంటాడు. కథలో ఆమె గొంతు ఇంకెక్కడా పెద్దగా వినపడదు. కొత్త సినిమాల్లో ఆమె కవచం వేసుకుని యుద్ధానికి వెళ్లే మనిషి, పని ఒత్తిడిలో బిడ్డతో ఆడుకోలేకపోయానని కుమిలిపోయే మనిషి. రెండో భాగం ఇంగ్లిష్‌లో 2025 ఆగస్టులో ఇక్కడ విడుదలైనప్పుడు ఆమెకు మిషెల్ యో గొంతిచ్చారు. పెద్ద కొప్పెరలో కరిగిపోతూ, ఒళ్లంతా ముళ్లు మొలిచిన కొడుకును వద్దంటున్నా దగ్గరికి తీసుకుని గట్టిగా పట్టుకుంటుంది. నా కూతురు నా చెయ్యి వదల్లేదు ఆ కాసేపూ. తండ్రిని మార్చారని బాధపడే ముందు, తల్లికి నోరిచ్చారని కూడా లెక్కలో వేయండి.

తిరుగుబాటు పోయిందన్న మాటకూ ఒప్పుకోను. రెండో భాగంలో దుర్మార్గుడు వూలియాంగ్, తెల్ల గడ్డంతో అందరూ దండం పెట్టే స్వర్గలోకపు పెద్దాయన. ఎవరు దేవుడో ఎవరు రాక్షసుడో నిర్ణయించేది ఆయనే. నేజా ఎదురు తిరిగేది ఆయన మీద. ఇంటి పెద్ద మీద తిరగబడటం కంటే ఇది చిన్నదా?

కొండపల్లి బొమ్మ:

తల్లి విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం, డల్లాస్ గారూ. ఆ సీన్‌కు సాటి వచ్చేది పాత గ్రంథంలో ఒక్కటి కూడా లేదు.

కానీ దుర్మార్గాన్ని ఇంట్లోంచి తీసి స్వర్గంలో పెట్టడమే నా ఫిర్యాదు. మన ప్రహ్లాదుణ్ణి తీసుకోండి. హిరణ్యకశిపుడు లోపల బంగారంలాంటి నాన్న అనీ, తప్పంతా చండామార్కులదనీ ఎవరైనా సినిమా తీస్తే మనం ఊరుకుంటామా? పోతన గారు ఆ తండ్రి చేత కొడుకును ఏనుగులతో తొక్కించారు, పాములతో కరిపించారు, కొండల మీంచి తోయించారు. ఇల్లే ప్రమాదం కావచ్చని మన పిల్లలకు భాగవతం ద్వారా తెలిసింది. ఆ మాట వినాల్సిన పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. మంచి నాన్నలున్న పిల్లలకు ఎన్నో సినిమాలు ఉన్నాయి. కత్తి ఎత్తే నాన్న ఉన్న పిల్లాడికి నేజా ఒక్కడే ఉండేవాడు. వాణ్ణి కూడా తీసేసుకున్నారు.

ఇద్దరు పిల్లల నాన్న:

చివరి మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. నేను ఆలోచించని వైపు అది. అయినా ప్రహ్లాదుడి పోలిక సరిపోదు. ప్రహ్లాదుడు చెయ్యి ఎత్తలేదు. స్తంభంలోంచి ఇంకొకరు రావాల్సి వచ్చింది. నేజా తానే ఆయుధం పట్టాడు. అందుకే ఆ కథను ఎలా ముగించాలో పాతవాళ్లకే తెలియలేదు. పెట్టె గారూ, ఆ గ్రంథంలో చివరికి ఏమవుతుందో చెప్పండి, నాకు గుర్తున్నది సరేనా చూద్దాం.

పాత కథల పెట్టె:

రాన్‌దెంగ్ అనే మహాగురువు లీ జింగ్‌ను కాపాడతాడు. నేజాను ఒక పగోడాలో బంధించి, లోపల నిప్పు పెట్టి, తండ్రికి మొక్కేదాకా వదలడు. నేజా పళ్లు నూరుతూ మొక్కుతాడు. ఆ పగోడా లీ జింగ్‌కు ఇచ్చేస్తారు, కొడుకు మళ్లీ మీదకొస్తే వాడుకొమ్మని.

ఇద్దరు పిల్లల నాన్న:

అదే నేననేది. పాత కథ కూడా తండ్రినే గెలిపించింది, అదీ నిప్పు పెట్టి. మీరు మెచ్చుకునే ధైర్యం 14వ అధ్యాయం చివర్లో మోకాళ్ల మీద కూలబడింది. కొత్త సినిమా కనీసం ఆ బలవంతపు దండం పెట్టించలేదు.

కొండపల్లి బొమ్మ:

నాకు ఆ పగోడాయే ఈ కథలో అన్నిటికన్నా నిజాయితీ ఉన్న వస్తువు. తండ్రీకొడుకులకు ప్రేమ కుదిరిందని గ్రంథం అబద్ధం చెప్పలేదు. భయం వల్ల ఆగారని చెప్పింది. ఇప్పటికీ చైనా గుళ్లలో లీ జింగ్ విగ్రహం చేతిలో ఆ పగోడా ఉంటుంది. కొడుకు అంటే భయం లేని తండ్రికి అది ఎందుకు? మూడో భాగంలో జియావ్‌జీ లీ జింగ్ చేతికి ఆ పగోడా ఇస్తే, ఇంత మంచి తండ్రి దాన్ని దేనికి పట్టుకున్నాడో చెప్పక తప్పదు. ఆ జవాబు బలంగా ఉంటే నా మాట వెనక్కి తీసుకుంటాను.

చైనాలో ఆరేళ్లు:

ఆ స్నేహితురాలికి ఈ చర్చ సారాంశం పంపాను. పగోడా తండ్రి చేతికి ఇవ్వకూడదు, తల్లి చేతికి ఇవ్వాలి అంటోంది. డల్లాస్ గారూ, మీరేమంటారు?