సీతాకోకచిలుకల లెక్క: తీరం, తోట, అడవి అంచు ఒకే పద్ధతిలో ఎట్లా?

ప్రశ్న: సెప్టెంబరు లెక్కకు ఆరుగురం ఉన్నాం. మైపాడు తీరం, పొదలకూరు నిమ్మతోటలు, పెంచలకోన అడవి అంచు అనుకున్నాం. మూడు చోట్లా ఎట్లా లెక్కపెడితే పోల్చుకోవచ్చు?

జవాబు 1: ముగ్గురేసి రెండు జట్లు చాలండి. ఒకరు చూడాలి, ఒకరు ఫొటో తీయాలి, ఒకరు రాయాలి. ప్రతి చోటా 500 మీటర్ల దారి, అరగంట నడక. ఇరువైపులా రెండున్నర మీటర్లు, ముందుకు 5, పైకి 5 మీటర్లు. దీని బయట కనిపించినవి విడిగా రాయండి. వెనక్కి తిరిగి లెక్కపెట్టొద్దు, చూసినదే మళ్ళీ వస్తుంది. మైపాడులో పొద్దున్నే మొదలుపెట్టండి. సముద్రపు గాలి లేచిందంటే అన్నీ పొదల్లో అణిగిపోతాయి, లేవని పొరపడతారు. పెంచలకోనలో అభయారణ్యంలోకి వెళ్ళేట్టయితే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి.

జవాబు 2: ఎక్కువ తప్పులు గుర్తుపట్టడంలోనే జరుగుతాయి. జిల్లేడు దగ్గర తిరిగే ప్లెయిన్ టైగర్ సీతాకోకనూ, దానిలాగే ఉండే డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడదాన్నీ కలిపేస్తారు. వెనక రెక్క మధ్యలో మూడు నాలుగు నల్లచుక్కలుంటే టైగర్. పై అంచున ఒక్కటే ఉంటే ఎగ్‌ఫ్లై. కామన్ మార్మన్ ఆడదాని ఒక రూపం అచ్చం కామన్ రోజ్ లాగుంటుంది. ఒళ్ళు ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే మార్మన్. రెక్కలు మూసినప్పుడూ ఒక ఫొటో తీయండి.

జవాబు 3: నిమ్మతోటలో మందు ఎప్పుడు కొట్టారో రైతునడిగి రాసుకోండి, లేకపోతే ఆ సంఖ్యకు అర్థం ఉండదు. లేత ఆకుల మీద పక్షి రెట్టలా కనిపించేవి లైమ్ సీతాకోక గొంగళిపురుగులు కావచ్చు. వాటిని ఎదిగిన సీతాకోకల లెక్కలో కలపొద్దు. ఏమీ కనబడకపోతే సున్నా అని తప్పక రాయండి.