ఇంట్లో తయారుచేసిన బీరుకు నురగ నిలవడం లేదు

టెక్సస్ సభ్యుడు: సాయంత్రం నుంచి చదువుతూనే ఉన్నాను, చిక్కు వీడలేదు. నేను తయారుచేసిన పేల్ ఏల్ (లేత రంగు బీరు రకం) రుచి, రంగు చక్కగా కుదిరాయి. మూత తీస్తే గ్యాసు బుస్సుమని వస్తుంది, పోయగానే రెండు వేళ్ల మందాన నురగ లేస్తుంది, కానీ నిమిషం తిరగకముందే మొత్తం కరిగిపోతుంది. అన్నీ పద్ధతి ప్రకారమే చేశాను. దయచేసి కారణం చెప్పండి.

మినెసోటా సభ్యుడు: గ్లాసు దేనితో కడుగుతున్నారు?

ఒహాయో సభ్యుడు: ముందు చక్కెర లెక్క చూసుకోండి. 19 లీటర్ల బీరుకు సీసాల్లో నింపే ముందు 110 నుంచి 140 గ్రాముల కార్న్ షుగర్ కలిపి, 20 డిగ్రీలు దాటిన గదిలో కనీసం రెండు వారాలు ఉంచకపోతే గ్యాసు సరిగా పట్టదు, గ్యాసు లేనిదే నురగ లేదు.

న్యూజెర్సీ సభ్యురాలు: వారి బీరులో గ్యాసు ఉందని, నురగ లేస్తోందని వారే రాశారు కదండీ. లేవడం గ్యాసు వల్ల, నిలవడం మాల్టులోని, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ వంటి గింజల్లోని ప్రోటీన్ల వల్ల, హాప్స్ పూలలోని చేదు పదార్థాల వల్ల. గిన్నెస్ అనే నల్ల బీరులో కార్బన్ డయాక్సైడ్ తక్కువే, అయినా నురగ చివరి గుటక దాకా ఉంటుంది.

ఒహాయో సభ్యుడు: అందులో నైట్రోజన్ కలుపుతారు. అది బీరులో సులువుగా కరగదు, బుడగలు చాలా చిన్నవిగా వస్తాయి, కాబట్టి పేల్ ఏల్‌తో దాన్ని పోల్చడం సరికాదు. ప్రోటీన్ల మాటకొస్తే, ఇప్పటి మాల్టును 50–55 డిగ్రీల వేడినీళ్లలో ఎక్కువసేపు నానబెడితే నురగను పట్టి ఉంచే ప్రోటీన్లే ముక్కలవుతాయి. పాత పుస్తకాలు చూసి ఆ మెట్టు పాటించేవారు ఇంకా ఉన్నారు, అది మానుకోవాలి. కొంత గోధుమ మాల్టు కలిపితే మేలు. మీరు ఎంత కలిపారు?

మినెసోటా సభ్యుడు: గ్లాసు సంగతి చెప్పలేదు.

టెక్సస్ సభ్యుడు: మామూలుగానే, డిష్‌వాషర్‌లో. గ్లాసులు తళతళలాడాలని రిన్స్ ఎయిడ్ కూడా వాడతాం. దానికీ దీనికీ సంబంధం ఉందా?

మినెసోటా సభ్యుడు: ఉంది. సబ్బు పొర, నూనె జిడ్డు నురగను చంపేస్తాయి. గ్లాసు లోపల తడిపి ఉప్పు చల్లండి, జిడ్డు ఉన్నచోట అంటదు.

న్యూజెర్సీ సభ్యురాలు: బీరు పోశాక గ్లాసు గోడలకు బుడగలు అతుక్కున్నా అదే గుర్తు. వంటసోడా వేసిన వేడినీళ్లతో చేత్తో కడిగి, బాగా తొలిచి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి. ఇంకొక మాట, మన ఇళ్లలో బీరు పక్కన మిరపకాయ బజ్జీలో, కోడి వేపుడో ఉంటాయి. పెదవులకు అంటిన నూనె గ్లాసు అంచుకు చేరితే ఎంత మంచి మాల్టు వేసినా నురగ అక్కడి నుంచే విరగడం మొదలవుతుంది, కాబట్టి మొదటి గుటకకు ముందూ తరువాతా నురగ ఎలా ఉందో విడివిడిగా గమనించండి.

టెక్సస్ సభ్యుడు: ఉప్పు చల్లి చూశాను, గ్లాసు పైసగం అంటలేదు. సోడాతో కడిగి చూస్తాను. ధన్యవాదాలు.

ఒహాయో సభ్యుడు: గోధుమ మాల్టు ఎంత వేశారో కూడా రాయండి.