కేటీలో కొత్త ఇల్లు: మడ్ టాక్స్ 1.25 ఉన్నది కొనాలా, 0.70 ఉన్నదా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి హ్యూస్టన్ వచ్చి ఏడాది దాటింది, హెచ్1బీ మీద ఉన్నాను. కేటీ, ఫుల్షర్ వైపు 4 లక్షల డాలర్లలో కొత్త ఇళ్లు చూస్తున్నాం. ఒక కమ్యూనిటీలో మడ్ టాక్స్ 1.25, ఇంకోదాంట్లో 0.70. అసలు ఈ మడ్ ఏమిటి? తక్కువ ఉన్నదే తీసుకోమంటారా?

సైప్రస్ నుంచి (14 ఏళ్లుగా ఇక్కడే):
తమ్ముడూ, మడ్ అంటే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్. ఊరి బయట పొలాల్లో లేఅవుట్ వేస్తే అక్కడికి సిటీ నీళ్లు, డ్రైనేజీ రావు. అందుకని భూమి యజమానులు రాష్ట్ర పర్యావరణ కమిషన్‌కి (టీసీఈక్యూ) పిటిషన్ పెట్టో, శాసనసభలో ప్రత్యేక చట్టం చేయించుకునో డిస్ట్రిక్ట్ పెట్టుకుంటారు. 1917లో టెక్సాస్ రాజ్యాంగానికి చేసిన సవరణ దీనికి ఆధారం. ఐదుగురు డైరెక్టర్ల బోర్డుకి పన్ను వేసే అధికారం, బాండ్లు అమ్మే అధికారం రెండూ ఉంటాయి. పైపులు, సీవర్ ప్లాంటు ముందు డెవలపర్ సొంత డబ్బుతో వేస్తాడు. ఇళ్లు లేచాక బోర్డు బాండ్లు అమ్మి ఆ ఖర్చు అతనికి తిరిగి ఇస్తుంది. ఆ అసలు, వడ్డీ మనం ఏళ్ల తరబడి పన్నులో కడతాం. మన దగ్గర బిల్డర్ ఫ్లాట్ రేటులోనే కలిపేసే డబ్బే ఇది. 1.25 అంటే ప్రతి 100 డాలర్ల విలువకి ఒకటింపావు, నీ ఇంటికి ఏడాదికి 5,000. 0.70 అయితే 2,800. కౌంటీ, స్కూల్ పన్నులు వేరే.

ఫుల్షర్ నుంచి:
రేటు సంగతి తర్వాత, ముందు ఎస్క్రో గురించి అడగండి, అంటే పన్ను కట్టడానికని లోన్ ఇచ్చినవాళ్లు నెలనెలా మన దగ్గర పట్టుకునే డబ్బు. మేం 2021 సెప్టెంబర్‌లో క్లోజింగ్ చేసి ఇల్లు మా పేరుకి రాయించుకున్నాం. ఇక్కడ జనవరి 1న ఏం ఉందో దాని మీదే ఆ ఏడాది పన్ను. ఆ రోజుకి మా ఇల్లు సగమే లేచింది, కాబట్టి బిల్లు 5,580 వచ్చింది. లోన్ ఇచ్చినవాళ్లు దాన్నే 12తో భాగించి నెలకి 465 పట్టుకున్నారు. 2022కి పూర్తి ఇంటి విలువ మీద 12,400 అయింది. 2023లో ఉగాదికి ముందు వారం లోన్ ఇచ్చినవాళ్ల నుంచి కవరు వచ్చింది. వంటింటి గట్టు మీద పెట్టి నేనూ మా ఆవిడా కాలిక్యులేటర్‌తో రెండుసార్లు చేసి చూశాం. లోటు 6,820. దాన్ని ఏడాదిలో తీర్చాలి, పైగా ముందుకి కూడా అసలు పన్ను కట్టాలి. వెరసి నెలకి 1,136 డాలర్లు ఎక్కువ. ఆ వేసవి ఇండియా టికెట్లు రద్దు చేసుకున్నాం. మాకు అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే మొదటి నెల నుంచే పక్కన పెట్టేవాళ్లం. హోంస్టెడ్‌కి, అంటే మనమే ఉండే సొంత ఇంటికి, పన్ను విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకుండా ఉండే పరిమితి కాపాడుతుందని అనుకోవద్దు, కొత్తగా కట్టిన దానికి అది వర్తించదు. పూర్తి ఇంటి విలువ మీద పన్ను లెక్క వేసి ఎస్క్రో పెట్టమని లోన్ ఆఫీసర్‌ని కాగితం మీద అడగండి.

షుగర్‌ల్యాండ్ నుంచి:
ఇంత టెన్షన్ అక్కర్లేదండీ. ఇళ్లు పెరిగేకొద్దీ మడ్ రేటు తగ్గుతుంది. మాది 1.10 నుంచి 0.45కి వచ్చింది. బోర్డు ఎన్నికల్లో ఇల్లున్న అందరికీ ఓటు ఉంది, గ్రీన్ కార్డు ఉన్నా చాలు, వెళ్లి అడగండి.

సైప్రస్ నుంచి:
అన్నా, దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి. టెక్సాస్‌లో ఓటరుగా నమోదు కావాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి, మడ్ ఎన్నికకైనా అంతే. హెచ్1బీ, గ్రీన్ కార్డు వాళ్లు పొరపాటున ఫారం నింపినా రేపు ఇమిగ్రేషన్‌లో మెడకి చుట్టుకుంటుంది. మీటింగులకి మాత్రం ఎవరైనా వెళ్లొచ్చు, అవి బహిరంగంగానే జరగాలని చట్టం. ఇంకో సంగతి, బాండ్లకి అనుమతి ఇచ్చే ఓటింగ్ మనం రాకముందే అయిపోతుంది. అప్పటికి ఆ పొలంలో ఉండే ఓటర్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కోట్ల డాలర్ల అప్పుకి వాళ్లే ఒప్పుకుంటారు.

రేటు తగ్గుతుందన్నది కూడా అన్నిచోట్లా నిజం కాదు. మా దగ్గర కొత్త సెక్షన్ తెరిచినప్పుడల్లా మళ్లీ బాండ్లు అమ్మారు, ఏడేళ్లు రేటు కదల్లేదు.

షుగర్‌ల్యాండ్ నుంచి:
ఓటు విషయంలో నాదే తప్పు, ఒప్పుకుంటున్నాను. రేటు విషయంలో మాత్రం ఒప్పుకోను. మీది ఇంకా కడుతున్న డిస్ట్రిక్ట్, మాది పూర్తయిపోయింది. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

కేటీ నుంచి:
మీ ఇద్దరి మాటల్లోనే తమ్ముడికి జవాబుంది. కాంట్రాక్టు మీద సంతకం పెట్టకముందే అమ్మేవాళ్లు మడ్ నోటీసు ఇచ్చి తీరాలి. అందులో రేటుతో పాటు ఓటర్లు అనుమతించిన బాండ్లు ఎంత, ఇప్పటిదాకా అమ్మినవి ఎంత అని ఉంటుంది. ఆ రెండు అంకెల మధ్య తేడా చూడు, అది ఎక్కువుంటే ముందు ముందు ఇంకా బాండ్లు అమ్మొచ్చు, రేటు దిగకపోవచ్చు. ఇంకా కట్టాల్సిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో సైట్‌కి వెళ్లి కళ్లతో చూసి రా. నీళ్ల బిల్లు కూడా ఒకటి అడుగు. నేల కుంగకుండా బోరు నీళ్లు తగ్గించాలన్న నిబంధన వల్ల అదనపు ఫీజు పడుతుంది, కొన్ని ఇళ్లలో అదే వాడిన నీళ్ల ఖర్చు కంటే ఎక్కువ.

అడిగినవారు:
రెండు నోటీసులూ తెప్పించుకున్నానండీ. 0.70 ఉన్నచోట అనుమతించిన దాంట్లో ఐదో వంతు బాండ్లు కూడా అమ్మలేదు, సగం స్థలం ఇంకా ఖాళీ. 1.25 ఉన్నచోట దాదాపు అన్నీ అమ్మేశారు, చివరి సెక్షన్ కడుతున్నారు. శనివారం మా ఆవిడని తీసుకుని 1.25 ఇల్లు మళ్లీ చూడటానికి వెళ్తున్నాం. ఎస్క్రో గురించి ఈరోజే ఈమెయిల్ పెట్టాను.